జంతుకణం రెండుగా ఎలా తెగుతుంది? ప్రొటీన్ల పనిని ఒకే కాగితం మీద గీసి నేర్చుకునే పద్ధతి

మహారాష్ట్ర సరిహద్దు ఊరు సిరొంచలో మా వసారాలో సాయంత్రం పూట బయాలజీ చెప్పించుకునే పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో మరాఠీ చదువుతారు, బారావికి (పన్నెండో తరగతికి), నీట్‌కు వచ్చేసరికి ఇంగ్లిష్ పేర్లతో కుస్తీ పడతారు. కణ విభజన పాఠంలో ఈ మూడు భాషలూ ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. మనం ‘కణం’ అంటే మరాఠీ మాస్టారికి ఇసుక రేణువు గుర్తొస్తుంది. జీవకణాన్ని వాళ్ళు ‘పేశీ’ అంటారు. ఆ మాట వింటే మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు కండ గుర్తొస్తుంది. పిల్లల తప్పేం లేదు, పాఠమే మూడు ముక్కలుగా చేరుతోంది వాళ్ళకు.

దాని మీద ఇంకో లోటు ఉంది. పదకొండో తరగతి పుస్తకం క్రోమోజోముల కదలికలను బొమ్మలతో సహా వివరంగా చెప్తుంది. కణం తెగడం దగ్గరికి వచ్చేసరికి ‘పొర మీద నొక్కు పడుతుంది, లోతవుతుంది, రెండు కణాలవుతాయి’ అని మూడు ముక్కల్లో ముగిస్తుంది. ఒక అమ్మాయి ఆ లైను మీద వేలు పెట్టి అడిగింది: “సార్, దారాలు క్రోమోజోముల్ని గుంజుతయ్ గదా, మరి పొరనెవలు నొక్కుతున్రు?” ఈ గైడు మొత్తం ఆ ప్రశ్నకు జవాబే.

పేర్లు బట్టీ పట్టొద్దు. పాఠంలో వచ్చే ప్రతి ప్రొటీన్‌నూ ఒకే మాట అడగండి: ఎవరు పట్టు వదిలితే నువ్వు కదులుతావు? కణం తెగే పనిలో చాలా మెట్లు ఎవరో వచ్చి తోస్తే మొదలవవు, అప్పటిదాకా పట్టుకుని ఉన్నవాళ్ళు వదిలేస్తే మొదలవుతాయి. ఇది బుర్రకెక్కితే పాతిక పేర్లు వాటంతట అవే వరసలో కూర్చుంటాయి.

కావాల్సినవి

పెద్ద డ్రాయింగ్ షీట్లు రెండు, స్కేలు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు పెన్సిళ్ళు, ఒక బెలూన్, మూరెడు పురికొస. రెండు సాయంత్రాలు సరిపోతాయి.

రంగుల నియమం ముందే పెట్టుకోండి. పట్టి ఆపే ప్రొటీన్ ఎరుపు, పని చేయించేది ఆకుపచ్చ, పోగులూ నాళికలూ నీలం, కణం పొర నలుపు. ఒకే ప్రొటీన్ ఒక మెట్టులో ఎరుపుగా, ఇంకో మెట్టులో ఆకుపచ్చగా రావచ్చు. అలా వచ్చినప్పుడు కంగారు పడొద్దు, అసలు నేర్చుకోవాల్సింది అక్కడే ఉంటుంది.

కొలత కూడా పెట్టుకోండి. మనం గీసే కణం వెడల్పు నిజంగా 20 మైక్రోమీటర్లు ఉందనుకుందాం. షీటు మీద 20 సెంటీమీటర్ల గుండ్రం గీయండి. అప్పుడు కాగితం మీద 1 సెంటీమీటర్ అంటే కణంలో 1 మైక్రోమీటర్, పదివేల రెట్లు పెద్దదన్నమాట. ఈ కొలతతో గీసినవాడికి ఏది ఎంత సన్నమో చేతికే తెలిసిపోతుంది.

మొదటి మెట్టు: రెండు పనులను విడదీయండి

షీటు పైమూలన చిన్న పట్టీ రాసుకోండి. సమవిభజన, మరాఠీలో సూత్రీ విభాజన్. అందులో రెండు పనులున్నాయి: కేంద్రక విభజన అంటే ప్రకల విభాజన్, కణద్రవ్య విభజన అంటే పరికల విభాజన్. ఈ రెండూ ఒకే పని కాదు, ఒకటి జరిగితే రెండోది దానంతటదే జరిగిపోదు.

రుజువు కావాలంటే లేత బోండం కొట్టించుకోండి. మనం తాగే ఆ నీళ్ళలో కేంద్రకాలు ఎన్నోసార్లు విభజన చెందాయి, మధ్యలో గోడలు మాత్రం పడలేదు. ఎన్నో కేంద్రకాలు ఒకే ద్రవంలో తేలుతున్నాయి. ఇది మొక్క సంగతి. జంతువుల్లోనూ ఉంది: పండ్ల ఈగ పిండంలో మొదటి 13 విడతలు కేంద్రకాలే విభజన చెందుతాయి, కణం తెగదు. మన కాలేయంలో రెండు కేంద్రకాలున్న కణాలు మామూలుగానే కనిపిస్తాయి. కాబట్టి కణం తెగడానికి వేరే ఏర్పాటు ఉండి తీరాలి.

బడి ప్రయోగశాలలో చూపించే ఉల్లి వేరు స్లైడుతో కూడా జాగ్రత్త. మొక్క కణానికి నొక్కు పడదు, లోపలి నుంచి బయటికి కొత్త గోడ కట్టుకుంటుంది. జంతుకణం బయటి నుంచి లోపలికి నొక్కుకుంటుంది. ఉల్లి స్లైడు చూస్తూ ఈ పాఠం చదివితే రెండూ కలిసిపోతాయి. మిడత స్లైడు అడిగి చూడండి.

రెండో మెట్టు: ఎప్పుడు? బ్రేకును గీయండి

మొదటి షీటులో మధ్యస్థ దశ గీయండి. మధ్యలో వరసగా క్రోమోజోములు, రెండు కొనల నుంచి నీలం రంగు సూక్ష్మనాళికలు (ఆ అమ్మాయి చెప్పిన దారాలు ఇవే). ఈ అమరికను మన పుస్తకాలు ‘కండె’ అంటాయి. మగ్గం తెలిసినవాళ్ళకు ఈ మాట ఇట్టే పడుతుంది, మధ్యలో లావు, కొనల్లో సన్నం.

ఇప్పుడు ఎరుపు పెన్సిల్‌తో కణం నిండా చుక్కలు పెట్టండి. ఇది సీడీకే1 అనే కైనేజ్. కైనేజ్ అంటే వేరే ప్రొటీన్ల మీద ఫాస్ఫేట్ అంటించే ఎంజైమ్. సైక్లిన్-బీ అనే జతగాడు ఉంటేనే ఇది పని చేస్తుంది. సైక్లిన్లను 1982లో టిమ్ హంట్ అర్చిన్ అనే ముళ్ళ సముద్రజీవి గుడ్లలో గుర్తించాడు: కణం విభజన చెందే ప్రతిసారీ ఆ ప్రొటీన్ పేరుకుని, ఒక్కసారిగా మాయమవుతోంది. 2001లో ఆయన, లీలాండ్ హార్ట్‌వెల్, పాల్ నర్స్ కలిసి నోబెల్ అందుకున్నారు.

కణాన్ని విభజనలోకి తోసింది సీడీకే1. మరి ఎరుపు ఎందుకు? కణాన్ని విభజనలోకి దింపిన చేయే దాన్ని తెగనివ్వకుండా పట్టుకుని ఉంటుంది గనుక. తరవాతి మెట్లలో మనకు కావాల్సిన పీఆర్‌సీ1, ఎక్ట్2 లాంటి ప్రొటీన్ల మీద ఇది ఫాస్ఫేట్ అంటించి, వాటిని పని చోటుకు చేరనివ్వదు. క్రోమోజోములు ఇంకా విడిపోకముందే పొర నొక్కుకుంటే సగం క్రోమోజోములు తెగి నాశనమవుతాయి, అందుకే ఈ జాగ్రత్త.

ఇక ఎవరు వదిలిస్తారు? ఏపీసీ అనే పెద్ద ప్రొటీన్ల గుంపు. అది కూడా మొదట పట్టులోనే ఉంటుంది. ఒక్క క్రోమోజోముకైనా నాళిక సరిగ్గా తగులుకోకపోతే అక్కడి నుంచి ‘ఆగు’ అనే సంకేతం వెళ్తుంది, మ్యాడ్2 లాంటి ప్రొటీన్లు ఏపీసీని కదలనివ్వవు. అన్నీ తగులుకున్నాక ఆ సంకేతం ఆగుతుంది. అప్పుడు ఏపీసీ రెండు ప్రొటీన్లకు యుబిక్విటిన్ అనే చీటీ అంటిస్తుంది. చీటీ పడిన ప్రొటీన్‌ను కణం ముక్కలు చేసేస్తుంది.

ఆ రెండింటిలో ఒకటి సెక్యూరిన్. అది పోతే సెపరేజ్ అనే కత్తెర బయటపడి, జంట క్రోమాటిడ్లను (ఒకే క్రోమోజోములోని రెండు నకళ్ళను) కట్టి ఉంచిన కొహెసిన్‌ను కోస్తుంది. క్రోమోజోములు విడిపోతాయి, చలన దశ మొదలు. రెండోది సైక్లిన్-బీ. అది పోతే సీడీకే1 నీరుగారిపోతుంది. ఫాస్ఫటేజ్‌లు పాత ఫాస్ఫేట్లను ఊడదీస్తాయి. ఎరుపు చుక్కలన్నిటినీ రబ్బరుతో చెరిపేయండి. నిజంగా చెరపండి. కణంలో జరిగింది కూడా అదే: క్రోమోజోములు విడిపోవడానికీ, కణం తెగడానికీ అనుమతి ఒకే చేతి నుంచి, ఒకే సమయంలో వచ్చింది. అందుకే ఆ రెండు పనులూ సాధారణంగా వరస తప్పవు.

ఈ మెట్టు అర్థం కాకుండా ముందుకెళ్ళొద్దు. నా దగ్గర తికమక పడిన పిల్లల్లో ఎక్కువమంది ఇక్కడే జారారు. సీడీకే1 ‘పెరిగితే’ కణం తెగుతుందని రాసేస్తారు. పెరిగితే విభజనలోకి వెళ్తుంది, తగ్గితేనే తెగుతుంది.

మూడో మెట్టు: ఎక్కడ? మధ్య గీతను కణం ఎలా కనుక్కుంటుంది

రెండో షీటు తీసి చలన దశ గీయండి. క్రోమోజోములు రెండు వైపులకు జరిగాయి, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో రెండు వైపుల నుంచి వచ్చిన నాళికల కొనలు ఒకదాని పక్కన ఒకటి చేరతాయి. మీ రెండు చేతుల వేళ్ళను ఎదురెదురుగా ఒకదానిలో ఒకటి చొప్పించి చూడండి, అదే ఆకారం. సీడీకే1 వదిలేసిన పీఆర్‌సీ1 ఇప్పుడు వచ్చి ఆ వేళ్ళను కట్టగా కడుతుంది. ఎండాకాలంలో మన దగ్గర తునికాకు కట్టకు నార చుట్టి బిగిస్తారే, అలాంటి పని. ఈ కట్టను మధ్య కండె అందాం.

దాని మీదికి మిగతావాళ్ళు చేరతారు. సెంట్రల్‌స్పిండ్లిన్ అనేది నాలుగు ముక్కల ప్రొటీన్, ఎంకేఎల్‌పీ1 రెండు, సైక్4 రెండు. ఎంకేఎల్‌పీ1 నాళికల మీద నడిచే మోటారు రకం, సైక్4 దాని భుజాన కూర్చుంటుంది. అరోరా-బీ అనే కైనేజ్ అప్పటిదాకా క్రోమోజోముల నడుం దగ్గర ఉండి, ఇప్పుడు అక్కణ్ణుంచి దిగి మధ్య కండెకు వచ్చి సెంట్రల్‌స్పిండ్లిన్ గుంపు కట్టడానికి సాయపడుతుంది. పీఎల్‌కే1 అనే ఇంకో కైనేజ్ పీఆర్‌సీ1ను పట్టుకుని చేరుతుంది. అది సైక్4 మీద ఫాస్ఫేట్ అంటిస్తే, ఆ గుర్తు చూసుకుని ఎక్ట్2 వచ్చి తగులుకుంటుంది. ఎక్ట్2 పేరు చుట్టూ ఆకుపచ్చ గుండ్రం పెట్టండి. తరవాతి మెట్టుకు తాళంచెవి దాని చేతిలో ఉంది.

ఇక్కడ ఆగి ఒక పాత ప్రయోగం చెప్పాలి. నొక్కు ఎక్కడ పడాలో చెప్పేది క్రోమోజోములేనని చాలామంది ఊహ. 1961లో రే రాపాపోర్ట్ అనే శాస్త్రవేత్త శాండ్ డాలర్ అనే సముద్రజీవి గుడ్డు తీసుకుని, దాని మధ్యలో చిన్న గాజు గోళీని అదిమాడు. గుడ్డు మన గారె ఆకారంలోకి వచ్చింది, మధ్యలో చిల్లు. మొదటి విభజనలో గారె ఒక చోటే తెగి లాడం ఆకారంలోకి మారింది, లోపల రెండు కేంద్రకాలు, చెరో చేతిలో ఒకటి. రెండో విభజనలో రెండు కండెలు తయారయ్యాయి. ఒక్కో కండె నడుం దగ్గర ఒకటి చొప్పున రెండు నొక్కులు పడాలి కదా? మూడు పడ్డాయి. మూడోది లాడం వంపు దగ్గర, క్రోమోజోములు లేని చోట, రెండు వేర్వేరు కండెల కొనలు ఎదురెదురుగా నిలిచిన చోట.

ఈ బొమ్మ తప్పకుండా గీయించండి. గారె గీసి, ఒక చోట తెంపి, రెండు కండెలు పెట్టి, మూడు గీతలు గీసేసరికి పిల్లల ముఖాల్లో వెలుగు చూడొచ్చు. చోటు చెప్పేవి క్రోమోజోములు కావు, సూక్ష్మనాళికలు. పెద్ద గుడ్లలో కొనల నుంచి కిరణాల్లా పొర దాకా వెళ్ళే నాళికల పాత్ర ఎక్కువ. మన శరీరంలోని చిన్న కణాల్లో మధ్య కండె పాత్ర ఎక్కువ. కొనల దగ్గరున్న నాళికలు మాత్రం తమ చుట్టూ ఉన్న పొరను బిగుసుకోనివ్వవు. మధ్యలో ‘రా’, కొనల్లో ‘వద్దు’, రెండూ కలిసి గీతను ఇరుకుగా ఉంచుతాయి.

నాలుగో మెట్టు: స్విచ్

ఎక్ట్2 ఇప్పుడు కణం నడుం దగ్గర పొరకు అంటుకుంటుంది. సీడీకే1 ఉన్నంతసేపూ దాన్ని అంటుకోనివ్వలేదు, గుర్తుందిగా. అక్కడ రో-ఏ అనే చిన్న ప్రొటీన్ నిద్రపోతోంది. రో-ఏ ఇంట్లో స్విచ్ లాంటిదే. జీడీపీ అనే చిన్న అణువును పట్టుకుని ఉంటే ఆఫ్, దానికే ఇంకో ఫాస్ఫేట్ ఉన్న జీటీపీని పట్టుకుంటే ఆన్. ఎక్ట్2 దాని చేతిలోంచి జీడీపీని వదిలిస్తుంది, ఖాళీ అయిన చేతిలోకి జీటీపీ వచ్చి కూర్చుంటుంది. ఇక్కడ కూడా మొదట జరిగింది వదలడమే, చూశారా.

షీటు మీద కణం నడుం దగ్గర, పొర లోపలి వైపు, రెండు పక్కలా సన్నటి ఆకుపచ్చ పట్టీ గీయండి. రో-ఏ ఆన్ అయిన ప్రాంతం అంతే. పొర అంతటా ఆన్ అయితే కణం అన్ని వైపులా ముడుచుకుపోతుంది గాని తెగదు.

ఐదో మెట్టు: దేనితో? నాడాను కట్టండి

రో-ఏ రెండు పనులు చేయిస్తుంది. ఒకటి, ఫార్మిన్ అనే ప్రొటీన్‌ను లేపుతుంది, అది కొమ్మలు లేని పొడవాటి ఆక్టిన్ పోగులు పేనుతుంది. రెండు, రాక్ అనే కైనేజ్‌ను లేపుతుంది. అది మయోసిన్-2 తల పక్కనున్న చిన్న గొలుసు మీద ఫాస్ఫేట్ అంటిస్తుంది, ఆ ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఫాస్ఫటేజ్‌ను కూడా అణచి ఉంచుతుంది. మయోసిన్ మేల్కొని గుంపు కట్టి ఆక్టిన్ పోగులను లాగడం మొదలుపెడుతుంది.

ఆక్టిన్, మయోసిన్ అంటే మన కండరాల్లో ఉండే జంటే. బరువెత్తినప్పుడు బిగిసే మోచేతి కండలో ఏ పని జరుగుతుందో, దాని చిన్న రూపం ప్రతి కణం నడుం చుట్టూ గంటలోపు కట్టుకుని, పని కాగానే విప్పేసుకుంటుంది. అదే సంకోచ వలయం. థామస్ ష్రోడర్ 1970ల మొదట్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో అర్చిన్ గుడ్లలో దీన్ని చూపించాడు. 1977లో జపాన్‌లో మాబుచి, ఒకునో స్టార్‌ఫిష్ కణాల్లోకి మయోసిన్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఎక్కించారు. కేంద్రకాలు విభజన చెందాయి, కణాలు తెగలేదు. నొక్కేది ఎవరో అక్కడ తేలిపోయింది.

ఇప్పుడు బెలూన్ తీయండి. నీళ్ళు పోసి, మెత్తగా ఉండేట్టు మూతి కట్టండి. పురికొసను నడుం చుట్టూ ఒక చుట్టు చుట్టి, రెండు కొనలూ అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా లాగండి. లంగా నాడా బిగించినట్టు నడుం సన్నబడుతుంది, రెండు బుంగలు తయారవుతాయి. లాగుతూ మూడు సంగతులు చూడండి.

పురికొస బయట ఉంది. కణంలో వలయం పొర లోపలి వైపు అంటుకుని ఉంటుంది, పొరను లోపలి నుంచే లాక్కుంటుంది. పిల్లలు బొమ్మలో వలయాన్ని బయట గీస్తారు, అది దిద్దాలి.

లాగిన కొద్దీ మిగిలిన పురికొస మీ చేతుల్లోకి వస్తోంది. కణంలో ఆ మిగులు ఎక్కడికీ రాదు. వలయం చిన్నదయ్యే కొద్దీ పోగులు విడిపోతూ కరిగిపోతూ ఉంటాయి. అందుకే వలయం కుంచించుకుపోతున్నా మందం పెద్దగా పెరగదు. మందం సుమారు 0.1 నుంచి 0.2 మైక్రోమీటర్లు, మన షీటు కొలతలో 1 నుంచి 2 మిల్లీమీటర్లు. ఒక్కో ఆక్టిన్ పోగు 7 నానోమీటర్లు, అంటే మన షీటు మీద పెన్సిల్ గీత కన్నా సన్నం. గీయలేం, ఉన్నట్టు అనుకోవాలి.

మూడోది లెక్క తెలిసిన పిల్లలకు. ఒక గుండ్రటి కణం సమానంగా రెండు గుండ్రాలయితే లోపలి సరుకు అంతే ఉంటుంది, పైపొర విస్తీర్ణం మాత్రం సుమారు 26 శాతం పెరగాలి. చేయించి చూడండి, రెండు యొక్క ఘనమూలం 1.26 వస్తుంది. ఆ అదనపు పొర ఎక్కడిది? కొంత పొర మీదున్న ముడతలు విప్పుకోవడం వల్ల, కొంత లోపలి నుంచి చిన్న చిన్న తిత్తులు వచ్చి నొక్కు దగ్గర పొరలో కలవడం వల్ల. లాగే బలం ఒక్కటే ఉంటే చాలదు, బట్ట కూడా కావాలి.

ఆరో మెట్టు: కుట్లు

ఇది చిన్న మెట్టు. వలయం జారిపోకుండా పట్టి ఉంచే ప్రొటీన్ అనిలిన్. దానికి చేతులు చాలా: ఒకటి ఆక్టిన్ మీద, ఒకటి మయోసిన్ మీద, ఒకటి రో-ఏ మీద, ఒకటి పొర మీద, ఇంకొకటి సెప్టిన్లు అనే ప్రొటీన్ల మీద. అనిలిన్ లేని కణంలో నొక్కు పడుతుంది గాని నిలకడ ఉండదు, అటూ ఇటూ ఊగి చివరికి వెనక్కి పోతుంది. నాడా ఉండి నేఫా లేని లంగాను ఊహించుకోండి.

ఏడో మెట్టు: మెడ

బెలూన్ దగ్గరికి మళ్ళీ రండి. ఎంత లాగినా మధ్యలో సన్నటి మెడ మిగిలింది, కదా? రెండు బుంగలు విడిపోలేదు. కణంలోనూ అంతే. నొక్కు కొన్ని నిమిషాల్లో లోపలికి దిగిపోతుంది. ఆ తరవాత 1 నుంచి 2 మైక్రోమీటర్ల మందం మెడ మిగులుతుంది. దానిలో మధ్య కండె నాళికలు నొక్కుకుపోయి గట్టి కట్టలా ఉంటాయి. నట్టనడుమ ఉన్న ముదురు ముడిని మిడ్‌బాడీ అంటారు. వాల్తర్ ఫ్లెమింగ్ 1891లోనే దీన్ని వర్ణించాడు. చాలాకాలం దీన్ని మిగిలిపోయిన చెత్తలా చూశారు. అసలు చివరి కోత సామగ్రి అంతా చేరేది దీని మీదికే.

షీటు మీద రెండు కణాల మధ్య 1 సెంటీమీటర్ మందం మెడ గీయండి, నడుమ నల్లటి ముడి. ఈ మెడతో రెండు కణాలూ గంటా, అంతకన్నా ఎక్కువసేపు కూడా అంటుకునే ఉంటాయి. పుస్తకంలో ఈ గంట కనిపించదు. నొక్కు పడింది, తెగింది అన్నట్టు రాస్తారు. మనిషి కణ చక్రం సుమారు 24 గంటలు, అందులో క్రోమోజోముల విభజన గంటే. చివరి మెడ తెగడానికీ దాదాపు అంత సమయం పడుతోందంటే, ఆ కోతకు కణం ఎంత విలువ ఇస్తోందో చూడండి.

ఎనిమిదో మెట్టు: ఎలా తెంచాలి?

పొరను కత్తితో కోసినట్టు కోస్తే కణం చిల్లుపడి లోపలి సరుకు కారిపోతుంది. చిల్లు పడకుండా తెంచాలంటే మెడను లోపలి నుంచి బిగించి, పొర అంచులు ఒకదానికొకటి అతుక్కునేలా చేయాలి. ఆ పని తెలిసిన ప్రొటీన్ల గుంపు ఎస్కార్ట్-3.

అది వచ్చే దారి ఇలా ఉంటుంది. ముందు సెప్55 అనే ప్రొటీన్ మిడ్‌బాడీ మీద కూర్చోవాలి. దాన్ని ఇప్పటిదాకా రాకుండా ఆపింది ఎవరు? పీఎల్‌కే1. మూడో మెట్టులో ఎక్ట్2ను పిలిచి పని మొదలుపెట్టించిన పీఎల్‌కే1 ఇక్కడ ఎరుపు రంగులోకి మారింది. సెప్55 మీద ఫాస్ఫేట్ అంటించి, ముందుగా చేరనివ్వలేదు. పీఎల్‌కే1ను కూడా కణం ముక్కలు చేశాక సెప్55కు దారి దొరుకుతుంది. తొందరగా వస్తే మెడ సరిగా తయారు కాకముందే పని చెడుతుంది.

సెప్55 వచ్చి ఆలిక్స్, టీఎస్‌జీ101 అనే రెండింటిని పిలుస్తుంది. అవి ఎస్కార్ట్-3 ముక్కలను తెస్తాయి. ఆ ముక్కలు మెడ లోపలి గోడకు ఆనుకుని స్ప్రింగు చుట్టలా చుట్టుకుంటాయి. మిడ్‌బాడీ పక్కన మొదలై చుట్ట సన్నబడుతూ పోతుంది. వీపీఎస్4 అనే ఎంజైమ్ కణానికి ఇంధనం లాంటి ఏటీపీని ఖర్చు పెట్టి ఆ చుట్టలోని ముక్కలను తీస్తూ, మార్చుతూ బిగింపు సాగేలా చూస్తుంది. ఇంకో పక్క స్పాస్టిన్ అనే కత్తెర నాళికల కట్టను కోసేస్తుంది. నాళికలు అడ్డం ఉంటే పొర అంచులు కలవలేవు. చివరికి పొర పొరకు అతుక్కుని, మెడ తెగుతుంది.

ఈ ప్రొటీన్లనే హెచ్‌ఐవీ కూడా వాడుకుంటుంది. మన కణం పొరలోంచి మొగ్గలా బయటికి పొడుచుకుని, మెడ తెంపుకుని వెళ్ళడానికి అది టీఎస్‌జీ101నీ ఆలిక్స్‌నూ పట్టుకుంటుంది. కణం తన పిల్లను వేరు చేసుకునే పనిముట్టుతోనే వైరస్ తన పిల్లను బయటికి పంపిస్తోంది. ఈ రెండు పనులూ ఒకటేనని 2007లో తేలింది. పరీక్షకు అవసరం లేకపోయినా నేను ఇది ప్రతి బ్యాచ్‌కూ చెప్తాను. మెడ అంటే ఏమిటో, లోపలి నుంచి తెంచడం అంటే ఏమిటో దీంతో స్థిరంగా గుర్తుండిపోతుంది.

ఆఖరి కాపలా ఒకటుంది. మెడలో ఎక్కడైనా క్రోమోజోము పోగు ఇరుక్కుని ఉంటే అరోరా-బీ ఆ సంగతి పట్టుకుని కోతను ఆలస్యం చేస్తుంది. మూడో మెట్టులో సాయపడిన అరోరా-బీ కూడా ఇక్కడ ఎరుపే. దారి ఖాళీ అయ్యాక దాని జోరు తగ్గుతుంది, కోత జరుగుతుంది.

తొమ్మిదో మెట్టు: తీసేసి చూడండి

బొమ్మ పూర్తయ్యాక అసలు చదువు మొదలవుతుంది. షీటు మీద ఒక్కో పేరును వేలితో మూసి, ‘ఇది లేకపోతే?’ అని అడగండి. జవాబు నోటితో కాదు, చిన్న బొమ్మతో చెప్పించండి.

సైక్లిన్-బీని చెరగనిదిగా మార్చేస్తే? క్రోమోజోములు విడిపోగలవు గాని, కణం విభజన దశలోంచి బయటికి రాదు, నొక్కు పడదు. ఎక్ట్2 లేకపోతే? మధ్య కండె ఉంటుంది, కేంద్రకాలు రెండవుతాయి, నొక్కు పడదు. ఒకే కణంలో రెండు కేంద్రకాలు. బ్లెబ్బిస్టాటిన్ అనే మందు వేస్తే? మయోసిన్-2 ఆగిపోతుంది, బిగింపు సాగదు. సెప్55 లేకపోతే? మానవ కణాల్లో నొక్కు బాగానే పడుతుంది, మెడ తెగదు, కొన్ని కణాలు మళ్ళీ ఒకటైపోతాయి.

సైటోకలాసిన్-బీ వేస్తే? బూజు నుంచి దొరికే ఈ పదార్థం ఆక్టిన్ పోగులు పెరగకుండా చేస్తుంది. కేంద్రకం రెండై కణం ఒకటిగానే మిగులుతుంది. దీన్ని పనికొచ్చే పరీక్షగా మార్చారు 1985లో ఫెనెక్, మోర్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు. రక్తంలోని తెల్లకణాలకు సైటోకలాసిన్-బీ వేస్తే ఒక్కసారి విభజన చెందిన కణాలు రెండు కేంద్రకాలతో గుర్తుపట్టేలా దొరుకుతాయి. వాటి పక్కన చిన్న పిల్ల కేంద్రకాలు కనిపిస్తే, రేడియేషన్ వల్లో రసాయనాల వల్లో క్రోమోజోములు దెబ్బతిన్నాయని తెలుస్తుంది.

ఇంతకీ రెండు కేంద్రకాలతో మిగిలితే నష్టమేంటి? కాలేయ కణాలకు అది మామూలే అన్నాం, గుండె కండర కణాలకూ అంతే. కానీ ఇంకా విభజన చెందుతూ పోయే కణానికి అది ప్రమాదం. మరుసటి విడతలో కండెకు రెండు కొనలకు బదులు మూడో నాలుగో కొనలు రావచ్చు, క్రోమోజోములు తప్పు లెక్కలో పంచుకుపోవచ్చు. క్రోమోజోముల లెక్క తప్పడమే కంతులకు మూలం కావచ్చని 1914లో థియోడోర్ బొవెరి రాశాడు. 2005లో పీ53 అనే కాపలా ప్రొటీన్ లేని ఎలుక కణాలను తెగకుండా ఆపి, అలా రెట్టింపైన వాటిని ఎలుకల్లో పెడితే కంతులు వచ్చాయి, మామూలు కణాలు పెట్టిన వాటికి రాలేదు. ఇది చెప్పేటప్పుడు పిల్లలకు ఒక మాట స్పష్టంగా చెప్పండి: కణం తెగకపోతే క్యాన్సర్ వచ్చి తీరుతుందని కాదు. పీ53 ఉన్న కణాల్లో చాలావరకు ఆ రెట్టింపు కణం అక్కడే ఆగిపోతుంది.

చివరగా ఒక ప్రశ్న, జవాబు చూడకుండా గీయమనండి. మగజీవుల వృషణాల్లో శుక్రకణాలు తయారయ్యేటప్పుడు అక్కచెల్లెలి కణాలన్నీ మెడలతో కలిసే ఉంటాయి, తయారయ్యేదాకా ఒకదాని సరుకు ఒకటి పంచుకుంటాయి. అంటే ఎనిమిదో మెట్టు ఆగిపోవాలి, ఏడో మెట్టు దాకా అన్నీ సరిగ్గా జరగాలి. మీరైతే ఏ పేరు పక్కన అడ్డు పెడతారు?

చాలామంది ఎస్కార్ట్-3 దగ్గర పెడతారు, తప్పు లేదు. ఎలుకల్లో దొరికిన జవాబు దానికి ఒక అడుగు ముందుంది. టెక్స్14 అనే ప్రొటీన్ వచ్చి సెప్55ను పట్టుకుని, ఆలిక్స్, టీఎస్‌జీ101 కూర్చోవాల్సిన చోటును ఆక్రమిస్తుంది. పిలవాల్సినవాళ్ళను సెప్55 పిలవలేదు, మెడ నిలిచిపోతుంది. షీటు మీద సెప్55 పక్కన టెక్స్14 అని రాసి, చుట్టూ ఎరుపు గుండ్రం పెట్టండి. దీన్ని రబ్బరుతో చెరపొద్దు.